రేకు కొంగ

1974 మార్చి 10, ఆదివారం

చిన్న ఇనప దిమ్మ కనబడటం లేదు. ఎక్కడో పెట్టి ఉంటాను. రేపు చూసుకోవచ్చు.

ఇవాళ మాత్రం మా షెడ్డులో పండగే. కుడి రెక్క మూసేశాం. ఆఖరి రేకు మీద ఆఖరి రివెట్టు బిగించాక మా ఆవిడ ఆల్బీనా ఆ రెక్కను ఈ కొస నుంచి ఆ కొస దాకా అరచేత్తో నిమురుకుంటూ నడిచింది. చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఆ కొసకు వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడింది. ఏడుస్తోందని నాకు తెలుసు. నేను చూడనట్టు చీపురు పట్టుకుని అల్యూమినియం పొట్టు ఊడ్చాను.

ఆరేళ్ళ కిందట వంటింటి బల్ల నిండా ఒక కాగితం పరిచి, "లాడీ, నేనొక గ్లైడర్ కడతాను. ఇంజను ఉండదు. ఒక్కటే సీటు. మొత్తం లోహం," అంది. "సరే, ముందు బల్ల ఖాళీ చెయ్, బాతు చల్లారిపోతోంది," అన్నాను. హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి కదా, కాగితం మీదే కట్టుకుని ఊరుకుంటుందనుకున్నాను. నెల తిరక్కుండా నా మాంసం కొట్టు ట్రక్కులోనే రేకులు తెచ్చి దించింది.

పెళ్ళాం విమానం కడుతూ మొగుడికి సీటు పెట్టలేదని ఊళ్ళో ఇప్పటికీ నవ్వుకుంటారు. నవ్వనీ. పెట్టినా నేను అందులో పట్టను. సీటు ఆమె కొలతకు కోసింది. నా కాలు ఒకటి పడుతుందేమో.

ఆ డిజైను చూస్తే నాకు ఇప్పటికీ మతి పోతుంది. రెక్క మొదట్లో ఎంత వెడల్పో చివర్లోనూ అంతే వెడల్పు. ఎల్డన్ మొదటిసారి చూసి పకపకా నవ్వాడు. వాడు పొలాలకు మందు కొట్టే విమానం నడుపుతాడు, తన పాత రెండు సీట్ల గ్లైడర్‌లో ఆల్బీకి ఎగరడం నేర్పింది కూడా వాడే. "ఇదేంటమ్మా, తలుపు చెక్కలా ఉంది? రెక్కన్నాక చివర్లు సన్నబడితే అందం కదా!" అన్నాడు. "చివర్లు సన్నబడితే లోపలి పక్కటెముకలన్నీ తలో సైజు అవుతాయి. ఒక్కోదానికి ఒక్కో అచ్చు చెక్కుకోవాలి. నీకు అందం, నాకు ఇంకో పదేళ్ళు," అంది. ఒకే చెక్క అచ్చు, దాని మీద రేకు పెట్టి సుత్తితో అంచులు మడవడం, అంతే. పక్కటెముకలన్నీ కవలపిల్లలే. పెద్ద రేకులు కూడా చుట్టిన కాగితంలా ఒక్క వైపే వంగుతాయి, ఎందుకంటే రెండు వైపులా వంచే యంత్రం ఎవరి ఇంట్లోనూ ఉండదు. తోకకు మూడు రేకులుండాల్సిన చోట విప్పిన కత్తెరలా రెండే పెట్టింది. అవే పైకీ కిందకీ తిప్పుతాయి, అవే పక్కలకూ తిప్పుతాయి.

ముప్ఫై ఏళ్ళుగా పశువుల్ని కోస్తున్నాను. దేవుడి డిజైను లోపలి నుంచి చూసినవాణ్ణి. ఆయన అక్కరలేని ఎముక ఒకటీ అరా పెట్టాడు గానీ, ఆల్బీనా పెట్టలేదు.

రివెట్టు కొట్టడం ఒక్కరి వల్ల కాదు. బయట రివెట్టు కొట్టే గన్ను ఆమెది. రేకు వెనకాల చెయ్యి దూర్చి, రివెట్టు తోకకు ఇనప దిమ్మ ఆనించి పట్టుకునేది నేను. మధ్యలో రేకు, ఒకరికొకరం కనబడం. గన్ను మోతకు చెవుల్లో దూది, మాటా వినబడదు. అందుకని దిమ్మతో రేకు మీద తట్టి చెప్పాలి. ఒక తట్టు అంటే ఇంకోసారి కొట్టు. రెండు తట్లంటే బాగుంది. మూడు తట్లంటే చెడింది, తీసెయ్. రెండు తట్లు వినగానే ఆమె తరవాతి రివెట్టుకు పోయేది. ఈ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఇటు వచ్చి తొంగి చూసి ఎరగదు.

రెక్క కొసన ఆఖరి గదికి, అంటే చివరి రెండు పక్కటెముకల మధ్య ఖాళీకి, మాత్రం నాతో పని లేదు. మూసేశాక చెయ్యి దూరదు కాబట్టి అక్కడ బయటి నుంచే లాగి బిగించే రివెట్లు. అంతకుముందు రేకు వరస కొడుతుండగా అత్తగారు గసగసాలు కూరిన కొలాచీ బన్నుల పళ్ళెం పట్టుకుని వచ్చారు. వేడివేడివి. నేను చెయ్యి బయటకు తీసి, తుడుచుకుని, మూడు తిన్నాను. దిమ్మ అప్పుడు చేతిలో ఉందా?

"మీ రేకు కొంగ ఎప్పుడెగురుతుంది అల్లుడూ? అక్కడ ప్లాట్ నది మీదికి అసలు కొంగలు దిగేశాయి, వెళ్ళిపోతాయి కూడా," అన్నారు అత్తగారు.

"జూన్‌లో అమ్మా," అంది ఆల్బీనా. నా నోటి నిండా కొలాచీ ఉంది.

మార్చి 11

కొట్టులో వెతికాను. లేదు.

మార్చి 13

షెడ్డంతా శుభ్రం చేశాను. "ఏమిటివాళ ఇంత భక్తి?" అంది ఆల్బీ. రెక్కలు పూర్తయ్యాయి కదా, పని స్థలం నీటుగా ఉండాలన్నాను. పెద్ద దిమ్మ ఉంది, వంకర దిమ్మ ఉంది. చిన్నది లేదు. దాన్ని నేనే చేసుకున్నాను, విరిగిపోయిన కొక్కెం ముక్కను అరగదీసి. ఒకటిన్నర పౌండ్లు. తూచక్కర్లేదు, నా చేతికి తెలుసు.

ఎల్డన్‌కి ఫోను చేశాను. "నాకెప్పుడిచ్చావురా? నీ చేతి సామాను నువ్వు ఎవడికైనా ఇచ్చిన మొహమా?" అన్నాడు. వాడికి మతిమరుపు. వాడి దగ్గరే ఉంటుంది.

మార్చి 16

ఆల్బీ స్కూలు పిల్లల పరీక్ష కాగితాలు దిద్దుకుంటుంటే షెడ్డులోకి వెళ్ళి కుడి రెక్క చివర పట్టుకుని ఊపాను. మెల్లగా ఊపాను, తరవాత గట్టిగా ఊపాను. చెవి ఆనించి విన్నాను. ఏ చప్పుడూ లేదు. చప్పుడు లేదంటే లోపల ఏమీ లేనట్టే.

పక్కటెముక అంచుల వెంట మెత్తటి జిగురు పూశాం, రేకు గడగడలాడకుండా. అది ఎన్నాళ్ళకూ పూర్తిగా ఆరదు. దాని మీద ఏదైనా పెడితే అతుక్కుని ఉండిపోతుందేమోనని ఒక ఆలోచన వచ్చింది. వచ్చింది, పోయింది.

ఆ ఆఖరి గది గుండానే రెక్క చివరి కదిలే రేకుకు పోయే కడ్డీ ఉంటుంది. ఆల్బీ చేతిలోని కర్ర కదిపితే ఆ కడ్డీ కదులుతుంది, గ్లైడర్ ఆ పక్కకు వాలుతుంది. ఒక ఇనప ముక్క అతుకు ఊడి ఆ కడ్డీ కింద ఇరుక్కుంటే కర్ర కదలదు. రెండు వేల అడుగుల ఎత్తున, ఒక్క సీటులో, ఒక్కతే.

ఉందని కాదు రాస్తున్నది. ఉంటే అని.

మార్చి 24, ఆదివారం

ఇవాళ రెక్కలు తూచాం, మా కొట్టులోనే. చర్చి నుంచి వచ్చి ఎల్డనూ నేనూ మోసుకొచ్చాం. కోసిన పంది సగాలు వేలాడదీసి తూచే ఇనప పట్టాకు రెక్కను తాళ్ళతో కట్టాం. ఎల్డన్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "లాడీ, దీన్ని చాప్స్ కోస్తావా, రోస్టుకు ఉంచుతావా?" అన్నాడు.

ఆల్బీనా మొదటి రోజు నుంచి ప్రతి ముక్కనూ అతికించే ముందు తూచి రాసుకుంది. రేకు, పక్కటెముక, రివెట్లు, జిగురు, అన్నీ. ఎడమ రెక్క కట్టాక ఎంత తూగాలో ముందే కూడి చెప్పింది. కాటా అక్షరాలా అంతే చూపించింది. ఎల్డన్ టోపీ తీసి వంగి దండం పెట్టాడు. నాకు ఛాతీ ఉప్పొంగింది. ఇంకెవరికైనా ఇది సాధ్యమా? గాలిలో ఎగిరే వస్తువును, కట్టకముందే, బఠాణీ గింజంత తేడా లేకుండా చెప్పడం!

తరవాత కుడి రెక్క.

ఒకటిన్నర పౌండ్లు ఎక్కువ.

ఆల్బీనా కాగితంలో అంకె చూసుకుంది. మళ్ళీ తూచమంది. మళ్ళీ తూచాం. అదే. "నీ కాటా బాగానే ఉందా లాడీ?" అంది, మామూలుగానే, నెమ్మదిగా.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను ఒక్కసారిగా లేచాను. "నా కాటానా? నా కాటాను అంటున్నావా? సర్కారు మనిషి ఏటేటా వచ్చి ముద్ర వేసి వెళ్తాడు! ఈ ఊళ్ళో ఎవర్నైనా అడుగు, హ్రూస్కా కాటా ఏనాడైనా తప్పిందేమో!" అని అరిచాను. ఎల్డన్ బిత్తరపోయాడు. "అబ్బ, ఏమన్నానని!" అంది ఆమె. "అయితే తప్పు నాదే అయ్యుండాలి," అని కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆ మాట అప్పుడు నేను సరిగ్గా వినలేదు. ఇప్పుడు రాస్తుంటే వినబడుతోంది.

మార్చి 25

తెల్లవారుతూనే కొట్టుకు వెళ్ళి కొత్త పంది కొవ్వు డబ్బా కాటా మీద పెట్టాను. డబ్బా మీద ఎంత రాసుందో అంతే. ఇంకో డబ్బా పెట్టాను. అంతే.

చలికి కాటాలు అటూ ఇటూ అవుతాయట. ఎక్కడో విన్నాను.

మార్చి 31

ఆల్బీ మొదటి నుంచీ కూడుతోంది. ఆరేళ్ళ కాగితాలు వంటింటి బల్ల మీద, కుర్చీల మీద, ఫ్రిజ్ మీద. లెక్కలు వేసే స్లైడ్ రూల్ పట్టుకుని పెదాలు కదుపుతూ కూర్చుంటుంది. నేను కాలేయం సాసేజీలు వేయించి ప్లేటు పక్కన పెట్టాను. చల్లారి కొవ్వు తేలింది, ఆమె చూడలేదు.

"ఒకటిన్నర పౌండ్లేగా ఆల్బీ! ఎడమ రెక్కలో ఇంత సీసం ముక్క పెట్టేస్తే రెండూ సమానమైపోవూ?" అన్నాను.

తలెత్తి చూసింది. "సమానం చెయ్యడం కాదు లాడీ, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి. నాకు తెలియకుండా నా రెక్కలో ఒకటిన్నర పౌండ్లు ఉందంటే, నాకు తెలియకుండా ఇంకేం ఉందో! రేకు మందం తప్పు వేసుకున్నానేమో. అప్పుడు దాని బలం కూడా తప్పు వేసుకున్నట్టే కదా."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. అలా కూర్చోవడానికి నేనేం చేశానని? దిమ్మ ఎల్డన్ దగ్గరుంది.

ఏప్రిల్ 3

ఎల్డన్ దగ్గర లేదు. వెళ్ళి వాడి హ్యాంగరంతా చూశాను. "ఏమైందిరా నీకు? ఇనప ముక్క కోసం ఇంత ఏడుపా?" అన్నాడు.

ఏప్రిల్ 9

ఆల్బీ చిక్కిపోయింది. స్కూల్లో నల్లబల్ల మీద మామూలు కూడిక తప్పు వేసిందట. పిల్లలెవరో నవ్వారట. అత్తగారు చెప్పారు. "నా కూతురు రెండో క్లాసులో కూడా కూడిక తప్పలేదయ్యా," అన్నారు. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు.

చెప్పేద్దామని ఇంటికి వచ్చాను. ఆమె షెడ్డులో కుడి రెక్క పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని ఉంది, చెయ్యి రెక్క మీద పెట్టి. ఆ రేకు మీద ఎక్కడా ఒక గీత లేదు. దాంట్లో మన మొహం కనబడుతుంది. డ్రిల్లు పెట్టి దాన్ని విప్పమని ఎలా అనను? మింగలేక కక్కలేక వంటింట్లోకి వచ్చి బంగాళదుంపలు చెక్కు తీశాను.

ఏప్రిల్ 14, ఈస్టర్

అత్తగారు వచ్చారు, ఎల్డన్ వచ్చాడు. బాతు, పుల్ల క్యాబేజీ, పిండి ముద్దలు, నా చేతి హ్యామ్. అందరం తిన్నాక ఆల్బీ నేప్‌కిన్ మడిచి బల్ల మీద పెట్టింది.

"ఎల్డన్, జూన్‌లో తాడు కట్టి నన్ను పైకి లాగడానికి నీ విమానం ఖాళీ పెట్టక్కర్లేదు. నేను ఎగరడం లేదు. విమానాలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరుకు కూడా రావద్దని చెప్పేస్తాను," అంది.

"ఆరేళ్ళుగా మోసి ఇప్పుడు కననంటావేమే!" అన్నారు అత్తగారు.

"కన్నాక చచ్చిపోతే ఏం చేయనమ్మా? నా లెక్క మీద నాకు నమ్మకం పోయింది. నమ్మకం లేని లెక్కలో ఎక్కి కూర్చోలేను."

ఎల్డన్ నా వైపు చూశాడు, ఏదైనా అనమని. నేను హ్యామ్ ఇంకో ముక్క కోశాను.

ఆమె ఎగరకపోతే ప్రమాదం లేదు. రెక్కలో ఏముంటే ఏం? ఆమె నేల మీద ఉంటుంది, నా దగ్గర ఉంటుంది. నేను నోరు విప్పాల్సిన పనీ లేదు. ఇంత సుఖంగా తెమిలిపోతుందని అనుకోలేదు.

ఏప్రిల్ 15

ఇవాళ హాయిగా ఉంది. బాగా తిన్నాను.

ఏప్రిల్ 16

హాయిగా ఏమీ లేదు.

ఏప్రిల్ 18

కొట్టుకు వచ్చినవాళ్ళందరూ అడుగుతున్నారు, మిసెస్ హ్రూస్కా మానేశారటగా అని. "ఆడవాళ్ళ సరదాలు అంతేలే, ఏదో ఒక రోజు తీరిపోతాయి," అన్నాడొకడు. పేరు రాయను. వాడికి కావలసిన మాంసం లేదని చెప్పి పంపేశాను. ఎదురుగా కొక్కేనికి వేలాడుతూనే ఉంది.

సరదానట! ఒక్కో రివెట్టు తలా రేకుతో సమానంగా దిగేదాకా, గోరుతో గీకి చూసి, తేడా ఉంటే తనే విప్పి మళ్ళీ కొట్టిన మనిషిది సరదా! సూటు వేసుకున్న ఇంజనీర్లు పెద్ద పెద్ద షెడ్లలో చేసేది, సుత్తి, చెక్క అచ్చు, ఒక లావుపాటి మొగుడు, వీటితో చేసి చూపించింది. ఆమె లెక్కలో తప్పు లేదు. తప్పు లేదని ఈ భూమ్మీద తెలిసినవాడు ఒక్కడే. వాడు కూర్చుని డైరీ రాస్తున్నాడు.

ఏప్రిల్ 20, శనివారం

మధ్యాహ్నం ఆల్బీ పాత దుప్పట్లు తీసుకుని షెడ్డుకు వెళ్ళింది, రెక్కల్ని కప్పేసి దాచేయడానికి. వెనకాలే వెళ్ళాను. కుడి రెక్క స్టాండు మీద నిలువుగా ఉంది, మధ్యలో గోడలాగ. ఆమె ఆ పక్క. నేను ఈ పక్క. ఆరేళ్ళు ఇలాగే నిలబడ్డాం.

ఏం చెప్పాలో ఇంటి నుంచి పది మాటలు అనుకుంటూ వెళ్ళాను. ఒక్కటీ నోటికి రాలేదు. ఆఖరి గది దగ్గర వేలి కణుపులతో రేకు మీద తట్టాను. మూడు.

దుప్పటి చప్పుడు ఆగిపోయింది.

మళ్ళీ తట్టాను. మూడు.

"ఏముంది అక్కడ?" అంది, అటు నుంచే.

"చిన్న దిమ్మ."

బయట ఎవరిదో ట్రాక్టర్ వెళ్ళింది.

"ఎప్పటి నుంచి తెలుసు?"

"కాటా రోజు నుంచి," అన్నాను. తరవాత, "కాదు ఆల్బీ. మూసిన రోజు నుంచే," అన్నాను.

రెక్క చుట్టూ తిరిగి నా ఎదురుగా వచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాను. చేతిలో ఏముంటే దాంతో కొడుతుందనుకున్నాను. అవి రెండూ చేసినా బాగుండేది.

"నాకు మతి చెడిపోతోందనుకున్నాను లాడీ. రేకును అనుమానించాను. జిగురును అనుమానించాను. నీ కాటాను అనుమానించాను. నాకు కూడిక వచ్చా రాదా అని నన్ను నేనే అనుమానించుకున్నాను. నీ చేతిని మాత్రం..." ఆగింది. "అది నా లెక్కలోకే రాలేదు."

దుప్పటి నా చేతిలో పెట్టి ఇంట్లోకి వెళ్ళిపోయింది. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. ఇంత లావు మనిషి ఏడిస్తే ఏం బాగుంటుంది, ఎవరూ చూడలేదు కాబట్టి సరిపోయింది.

ఏప్రిల్ 21

మాట్లాడలేదు.

ఏప్రిల్ 22

మాట్లాడలేదు. సూపులో ఉప్పు లేదు. అడగకుండా తిన్నాను.

ఏప్రిల్ 23

స్కూలు నుంచి వచ్చి బట్టలైనా మార్చుకోకుండా షెడ్డులోకి వెళ్ళింది. కాసేపటికి, "లాడీ, ఇలా రా!" అని కేక. పరుగున వెళ్ళాను. పెన్సిలు పట్టుకుని ఉంది.

"నీ పిడికిలి రెక్క మీద పెట్టు."

పెట్టాను. దాని చుట్టూ పెన్సిలుతో గీసింది, ఆ గీత చుట్టూ కొంచెం చోటు వదిలి కోడిగుడ్డు ఆకారం గీసింది. చతురస్రంగా కోస్తే మూలల దగ్గర రేకు చీలుతుందట, గుడ్డులా కోస్తే చీలదట. ఆరేళ్ళు దాచుకున్న ఆ నున్నటి రేకులోకి ఆమే డ్రిల్లు దించింది. నేను మాత్రం కళ్ళు మూసుకున్నాను.

"తియ్యి," అంది.

చెయ్యి లోపలికి పెట్టాను. కడ్డీకి జానెడు దూరంలో, పక్కటెముక అంచు మీద, జిగురులో కూర్చుని ఉంది నా దిమ్మ, పట్టు కోసం నేను చుట్టిన టేపుతో సహా. గట్టిగా లాగాలనుకున్నాను. వేలు తగలగానే ఊడి చేతిలోకి వచ్చేసింది. గాలి రెండుసార్లు కుదిపితే చాలు, పడిపోయేది. నేల మీద కూర్చుండిపోయాను. ఆల్బీ చూసింది. ఆమె మొహం కూడా పాలిపోయింది.

తరవాత లేచి ఎడమ రెక్క దగ్గరకు వెళ్ళి అక్కడా అదే ఆకారం గీయడం మొదలుపెట్టింది.

"దాన్ని ఎందుకు కోస్తున్నావు? అందులో ఏమీ లేదుగా!" అన్నాను.

"రెండు రెక్కలూ ఒకేలా ఉండాలి. రెంటికీ మరలతో బిగించే మూతలు పెడతాను. డ్రాయింగులో కూడా మారుస్తున్నాను. రేపు ఈ డిజైను పట్టుకెళ్ళి ఎవరు కట్టుకున్నా రెక్క చివర చెయ్యి పట్టే తలుపు ఉండి తీరుతుంది."

"ఎందుకూ?"

"ప్రతి ఇంట్లోనూ ఒక లాడీ ఉంటాడు," అంది. నవ్వలేదు. కానీ సాయంత్రం సూపులో ఉప్పు ఉంది.

మే 5

మళ్ళీ తూచాం. మూతలు, మరలు కూడా ముందే తూచి కలుపుకుంది. ఎడమ రెక్క ఎంతో కుడి రెక్కా అంతే, ఆమె కాగితం మీదా అంతే. ఎల్డన్‌కు దిమ్మ సంగతి తనే చెప్పింది.

దిమ్మను ఏం చేయాలని అడిగాను. "దాచు. ఇంకా తోక దగ్గర రెండు వరసలు కొట్టాలి," అంది. నేను మళ్ళీ దిమ్మ పట్టుకున్నాను. ప్రతి రివెట్టుకూ తట్టాను. ఆమె తొంగి చూడలేదు. చూస్తే బాగుండునని నాకే అనిపించింది.

మే 18

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మూయకముందు శీతాకాలంలో వచ్చి చూసినాయనే. సగం రోజు కర్ర తిప్పుతూ, టార్చి వేసి తొంగి చూస్తూ గడిపాడు. రెక్క చివర తలుపు దగ్గర ఆగాడు. "ఇది మొదటి డ్రాయింగులో లేదే?" అన్నాడు.

"తనిఖీకి వీలుగా ఉంటుందని పెట్టాను," అంది ఆల్బీనా.

"మంచి ఆలోచనమ్మా! ఎవరికి తట్టింది?"

"మా ఆయనకు," అంది. నేను నా బూట్ల వైపు చూసుకున్నాను.

ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టి, వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుని ఊపి, "అదృష్టవంతుడివయ్యా," అన్నాడు. ఎంత అదృష్టమో ఆయనకేం తెలుసు.

జూన్ 8, శనివారం

ఎల్డన్ గడ్డి రన్‌వే. ఉదయం పదింటికే ఆకాశంలో దూదిపింజల్లా మబ్బులు కట్టడం మొదలైంది, గ్లైడర్‌కు అదే శుభశకునమట. అత్తగారు కుర్చీ వేసుకుని, ఒళ్ళో కొలాచీల డబ్బా, చేతిలో జపమాలతో కూర్చున్నారు. సగం ఊరు వచ్చింది. మాంసం లేదని నేను పంపేసినవాడు కూడా వచ్చాడు.

బయట ఎండలో అది మొత్తం కట్టి నిలబడితే మొదటిసారి చూశాను. ముక్కలు ముక్కలుగా ఆరేళ్ళు చూశాను గానీ ఇలా చూడలేదు. పొడుగాటి మెరిసే రెక్కలు, సన్నటి నడుము, విప్పిన కత్తెర తోక. ఒక్క ముక్క ఎక్కువ లేదు, ఒక్క ముక్క తక్కువ లేదు. ఎవరో వెనక నుంచి, "చూశావా, ఎంత బాగుందో!" అన్నారు. నేను వెనక్కి తిరిగి, "మా ఆవిడ డిజైను," అన్నాను. అడగనివాళ్ళకు కూడా చెప్పాను.

ఆల్బీ లోపల కూర్చుని బెల్టులు బిగించుకుని అద్దాల మూత వేసుకుంది. తాడు కట్టారు. నా పని రెక్క కొస పట్టుకుని పరిగెత్తడం. గ్లైడర్‌కు ఒకటే చక్రం కాబట్టి ఒక రెక్క నేల మీద వాలి ఉంటుంది. లోపలున్నవాళ్ళు బొటనవేలు చూపిస్తే కొస పట్టుకున్నవాడు రెక్క ఎత్తాలి, ఎత్తగానే లాగే విమానం కదులుతుంది. అదీ పద్ధతి.

నేను వంగి కుడి రెక్క కొస దగ్గర నిలబడ్డాను. తలుపు మూత నా కళ్ళ ముందే ఉంది. మరలన్నీ పొద్దున నేనే బిగించాను, ఆమె ముందే, ఒక్కొక్కటి. ఆల్బీ బొటనవేలు చూపించలేదు.

ఎల్డన్ విమానం గురగురలాడుతూ ఎదురు చూస్తోంది. జనం ఎదురు చూస్తున్నారు. ఆమె తల తిప్పి నా వైపే చూస్తోంది. ఏమైందో నాకు అర్థం కాలేదు. భయపడిందా? మూత తెరవమంటుందా?

తరవాత అర్థమైంది. వంగి, ఆ తలుపు పక్కన, వేలి కణుపులతో రేకు మీద తట్టాను. రెండు.

ఇంజను మోతలో ఆమెకు అది వినబడే అవకాశమే లేదు. నా చెయ్యి చూసి ఉంటుంది. వెంటనే బొటనవేలు లేచింది.

రెక్క ఎత్తాను. తాడు బిగిసింది. పరిగెత్తాను. ముప్ఫై ఏళ్ళలో నేను అంత పరిగెత్తలేదు, పొట్ట ఒక పక్కకు, నేను ఒక పక్కకు. రెక్క నా చేతిలో బరువుగా ఉన్నది కాస్తా తేలికైంది, ఇంకా తేలికైంది, తరవాత దానికి నా చెయ్యి అక్కర్లేకపోయింది. వదిలేశాను. గడ్డిలో బోర్లా పడ్డాను. తలెత్తేసరికి అది నేల మీద లేదు.

తాడు విప్పుకోవడం చూశాను. ఆ తరవాత చప్పుడే లేదు. కుడికి వాలింది, ఎంత మెత్తగా వాలిందో! మళ్ళీ ఎడమకు. మళ్ళీ కుడికి. కావాలనే కుడికి ఎక్కువసార్లు తిరిగిందని నా అనుమానం. ఒక మబ్బు కింద గుండ్రంగా తిరుగుతూ పైకి పైకి పోయింది. అత్తగారు జపమాల మరిచిపోయి నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "మన కొంగ అల్లుడూ, చూడవయ్యా, మన కొంగ!" అన్నారు. నేను చూస్తూనే ఉన్నాను, కళ్ళకు ఏదీ సరిగ్గా ఆనలేదు.

ఎంతసేపో తెలియదు. దిగేటప్పుడు, వేగం తగ్గించడానికి రెక్కల వెనక ఉన్న పెద్ద రేకులు రెండూ తలుపుల్లా నిలువుగా వేలాడాయి. ఆమె అనుకున్నట్టే, నిటారుగా, నిమ్మళంగా వచ్చి, ఏ గడ్డి మీద నుంచి లేచిందో ఆ గడ్డి మీదే ఆగింది. కుడి రెక్క మెల్లగా వాలి నేలను ఆనింది.

అందరికంటే ముందు నేను చేరాను, ఎలా చేరానో తెలియదు. వెనకాలే ఎల్డన్, జనం. "ఎలా ఉంది? ఎలా ఉంది?" అని అరుస్తున్నారు. ఆల్బీనా మూత తెరవలేదు. బెల్టులు విప్పలేదు. అద్దాల్లోంచి నన్ను చూసింది. మొహమంతా తడి, నోరంతా నవ్వు. చెయ్యెత్తి లోపలి నుంచి రేకు మీద తట్టింది.

ఒక్కటే.

"ఏమందిరా? ఏమంది?" అన్నాడు ఎల్డన్ రొప్పుతూ.

"ఇంకోసారట," అన్నాను. "తాడు కట్టు."